ఉత్తుత్తి కిటికీలో ఉన్నతోద్యోగి

కిటికీల్లోకెల్లా ఉత్తమమైనది తెరుచుకోని కిటికీ! దాని వెనక నిలువెత్తు ఇటుక గోడ కూడా ఉంటే మరీ శ్రేష్ఠం.

ఎండ పడదు. వాన కొట్టదు. మానిటర్ మీద వెలుతురు మెరిసి కళ్లు చికిలించే బాధ ఉండదు. ఉద్యోగికి ఇంతకంటే ఏం కావాలండీ?

నమ్మకపోతే సాదత్‌ని అడగండి. ఎవరో పరాయివాడు అనుకునేరు! ఈ నాలుగు ముక్కలూ రాస్తున్న పెద్దమనిషే సాదత్. మాటిమాటికీ 'నేను' అంటే గొప్పలకు పోతున్నాడంటారని 'అతను' అంటున్నాడు. అతను చేసిన ఘనకార్యం వింటే, ఆ మాట వెనక ఎందుకు దాక్కున్నాడో మీకే తెలుస్తుంది.

అవి ఐటీ బూమ్ రోజులు. పేరు చివర డాట్‌కామ్ తగిలిస్తే చాలు, పెట్టుబడులు పరుగెత్తుకొచ్చేవి. సాదత్ పనిచేసే కంపెనీకి ఇంకా పాలపళ్లు కూడా రాలేదు. కానీ క్లయింట్ల కంటికి తాతలనాటి సంస్థలా కనబడాలి. అందుకని సింగపూర్ ఉత్తరపు కొసన, పాత నౌకాదళపు డాక్‌యార్డులో బ్రిటిష్‌వాళ్లు కట్టిన ఆఫీసు భవనాన్ని అద్దెకు తీసుకుంది.

భవనం దర్జాయే వేరు. ఎర్ర ఇటుక గోడలు, నట్టనడుమ తెల్ల స్తంభాల గుమ్మం, దాని నెత్తిన విసనకర్రలాంటి అద్దం, అటూ ఇటూ తూకం వేసి పేర్చినట్టు పొడవాటి కిటికీలు. జార్జియన్ శైలి అన్నారు. ఆ రోజే సాదత్ టాంపినీస్‌లోని ఫ్లాట్‌కి వెళ్లి, ఆఫీసు భవనాన్ని జార్జియా దేశపు మేస్త్రీలు కట్టారని భార్య ఫరీదాకీ, కూతురు నిదాకీ విడమరిచి చెప్పాడు. చెప్పేవాడికి ధైర్యం ఉంటే సరిపోదూ, జ్ఞానం కూడానా?

మర్నాడు ఆఫీసు అడ్మిన్ చూసే సాంబమూర్తిగారు ఆ కొరతా తీర్చారు. "జార్జియా కాదు బాబూ, జార్జి రాజులు! ఇంగ్లండులో వరసగా అదే పేరున్న రాజులు ఏలినప్పుడు పుట్టిన పద్ధతి. ఇది బాగా తర్వాత కట్టిందే అయినా పోకడ అదే. కుడివైపు ఎన్ని కిటికీలుంటే ఎడమవైపూ అన్నే ఉండాలి."

అక్కడ ఒకప్పుడు నౌకాదళం గుమాస్తాలు కూర్చుని ఓడల మరమ్మతు పనులు నడిపించేవారట. యుద్ధంలో జపాన్ సైన్యం వచ్చి కూర్చుంది. మళ్లీ బ్రిటిష్‌వాళ్లు వచ్చారు. వాళ్లు పోయాక ఓడల కంపెనీ వచ్చింది. చిట్టచివరికి సాదత్ వచ్చాడు. చరిత్ర ఎక్కడ బయల్దేరి ఎక్కడికి దిగజారిందో చూడండి!

కొన్నాళ్లకు అతనికి సీనియర్ మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చింది. దానితోపాటు మేడ మీద కిటికీ ఉన్న గది! ఎదురు ఫ్లాట్ ఇజాజ్ భాయ్ చాంగీ బిజినెస్ పార్కులో అద్దాల మేడలో పనిచేస్తాడు. కిటికీ పక్క సీటు గురించి చెప్పి చెప్పి సాదత్ ప్రాణం తీసినవాడు. అతన్ని అపార్ట్‌మెంట్ బ్లాక్ కిందే ఆపి సాదత్ బాకీ తీర్చుకున్నాడు. "మీకు కనబడేది కార్ పార్కు భాయ్. నాకు సముద్రం!"

మర్నాడు గది తలుపు తీస్తే, ఎదురుగా గోడ.

"కిటికీ ఏదండీ?"

"బయట ఉంది," అన్నారు సాంబమూర్తిగారు తొణక్కుండా. "ఓడల ప్లాన్లు దాచిన గది కదా, లోపల గట్టి గోడ కావాలి. బయట వరస చెడకూడదు. అందుకని చట్రం పెట్టి చెక్క రెక్కలు బిగించారు."

"పగలగొట్టిస్తే?"

"పాత కట్టడం. మేకు కొట్టడానికే పర్మిషన్ లేదు. అయినా క్లయింటు చూసేది బయటినుంచే కదా!"

ఈ ముక్క ఇంట్లో చెప్పేస్తే సరిపోయేది. సాదత్ చెప్పలేదు. ఆ రాత్రి ఫరీదాకు బూడిదరంగు యుద్ధనౌకను వర్ణించాడు. మర్నాడు డాల్ఫిన్లు. వారం తిరిగేసరికి తిమింగలం. పొద్దున బ్రెడ్ తింటూ నిదా తన సింగపూర్ ఇంగ్లీషులో, "పప్పా, సబ్‌మెరైన్ గాట్ ఆర్ నాట్?" అంటే, కూతుర్ని నొప్పించలేక అదీ తేల్చాడు.

ఇంతలో ఆఫీసులో ఫ్యామిలీ డే పెట్టారు. గొప్ప చూపించుకోవాలన్న దురదతో ఇజాజ్ భాయ్‌ని కూడా వెంటబెట్టుకెళ్లాడు. పచ్చికలో నిలబడి పైకి చూపించాడు. "అదే నాది!"

"మూసే ఉందేమి భాయ్?"

"ఏసీ చల్లదనం పోతుందని."

"ఒక్కసారి తెరిచి చెయ్యి ఊపండి. మేమూ చూసి ఖుష్ అవుతాం!"

"గో లా, పప్పా!" అంది నిదా.

సాదత్ మెట్లెక్కాడు. గదిలోకి వెళ్లి గోడకు ఎదురుగా నిలబడ్డాడు. నవ్వకండి, నిజంగానే చెయ్యి ఊపాడు. రేపు 'ఊపాను' అని చెప్పాలంటే మనస్సాక్షి అనేది ఒకటి ఉంటుంది కదా!

దిగి వచ్చేసరికి ఇజాజ్ భాయ్ అక్కడ లేడు. పుల్లలకు గుచ్చి కాల్చే సాటే మాంసం అయిపోతోందని ఫరీదా అతన్ని ఆ లైనులోకి తరిమేసిందట. ప్లేటుతో తిరిగొస్తూనే అడిగాడు. "ఏం భాయ్, తెరిచారా?"

"తెరిచిన్రు గదా!" అంది ఫరీదా. "మస్తు ఊపిన్రు. మీరు లైన్ల ఉన్నరు, చూడలే."

"బట్ మమ్మీ..." అని నిదా నోరు తెరవగానే, అందులో ఒక సాటే ముక్క పడింది.

తిరుగు ట్రైన్‌లో నిదా, అవతలి సీట్లో ఇజాజ్ భాయ్ నిద్రపోయాక సాదత్ మెల్లగా అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"తిమింగలం వచ్చిన్నాడే."

"మరి అడగలేదేం?"

ఫరీదా నిదా తలను ఒళ్లోకి సర్దుకుంది. "మీరు ఇంటికొచ్చే యాళకు పిల్ల పండుకుంటది. నేను సగం నిద్రల ఉంట. గా సముద్రం ముచ్చట చెప్పేటప్పుడే జర నా పక్కన కూసుంటున్రు. అబద్ధమైతే ఏంది జీ, మనిషన్న ఇంట్ల ఉన్నడు గదా అనుకున్న."



అయ్యా, గోడకు పొద్దు వాలడం తెలియదు. గోడకేసి కూర్చున్నవాడికీ తెలియదు. చీకటి పడిందని తెలిస్తే కదా ఇల్లు గుర్తొచ్చేది! మేనేజర్లకు అలాంటి గది దొరకడం ముమ్మాటికీ వరమే. కాకపోతే ఆ వరం పొందినది కంపెనీ.

సోమవారం సాదత్ ఎండ ఉండగానే కంప్యూటర్ ఆపేసి బయటపడ్డాడు. బ్లాక్ ముందు ఆడుకుంటున్న నిదా తండ్రిని చూసి ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. పిల్ల బిక్కమొహం వేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"పప్పా, యువర్ కంపెనీ క్లోజ్ డౌన్ ఆహ్?"

అటుగా వస్తున్న ఇజాజ్ భాయ్ ఆ మాట విన్నాడు. నెమ్మదిగా దగ్గరికొచ్చి సాదత్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ నక్కో భాయ్. రెజ్యూమే పంపండి, మా మేనేజర్‌తో మాట్లాడతా."