లోడు మార్చే హక్కు

కంప్యూటరు కూడా కష్టజీవేనన్న మహాసత్యాన్ని కేరళలో మొట్టమొదట గుర్తించిన ఘనత మా కావుంపురం తాలూకా కచేరీది. (రెండో కచేరీ ఇంకా ముందుకు రాలేదు.)

సర్టిఫికెట్లిచ్చే ఆ యంత్రం ఏడాదిగా ఆయాసపడుతోంది. తహసీల్దారు శశాంకన్ గారు జాలిపడి గోడకు ఉత్తర్వు అంటించారు: “పనితీరు మెరుగుపరచు నిమిత్తం నేటి ఉదయం పది గంటలకు పాత కంప్యూటరు మీది లోడులో సగం కొత్త కంప్యూటరుకు మార్చబడును.”

పదింబావుకల్లా నీలం చొక్కాల హమాలీ సంఘం గుమ్మంలో ఉంది. మా వార్డులో ఏ లోడైనా ఎత్తే, దించే హక్కు వాళ్లదే.

“మమ్మల్ని పిలవకుండా లోడెలా మారుస్తారు సారూ?” అన్నాడు నాయకుడు పౌలోస్ చేట్టన్, అంటే పౌలోసన్న.

“అది కంటికి కనిపించేది కాదు చేట్టా! తీగలోంచి దానంతటదే పోతుంది.”

“పోనివ్వండి. మేం చూస్తూ కూచుంటాం. చూసినందుకు కూలి ఇప్పించండి.”

(ఈ నోక్కుకూలిని, అంటే చూపుకూలిని, ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. ఆ నిషేధాన్నీ మేం చూస్తూనే ఉన్నాం.)

కూలి లెక్క కట్టాలంటే ముందు లోడు బరువు తేలాలన్నారు శశాంకన్ గారు. ముగ్గురు సభ్యుల తూనిక సంఘం వెలిసింది. దరఖాస్తులున్న కంప్యూటరునూ, లేనిదాన్నీ కాటాకెక్కించి తేడా సున్నా అని తేల్చింది. హమాలీలు ఆ కాటాను నమ్మలేదు. తగువు తీరేదాకా యంత్రాన్ని ఎవరూ ముట్టుకోరాదని ఇరుపక్షాలూ సంతకాలు చేశాయి.

వరసలో అందరికన్నా ముందు ఓమన చేచ్చి, అంటే ఓమనక్క, నిలబడి ఉంది. కూతురి నర్సింగు సీటుకు ఆదాయ ధ్రువపత్రం అయిదింటిలోపు అందాలి.

“ఒక్క కాగితం సారూ! పిల్ల రెండేళ్లు రాత్రింబవళ్లు చదివింది. ఆ లోడేదో నా నెత్తిన పెట్టండి, పక్క బల్ల దాకానేగా!”

పౌలోస్ చేట్టన్ నొచ్చుకున్నాడు. “చేచ్చీ, నువ్వు మోస్తే మా పొట్ట కొట్టినట్టే. అయినా నీకు సంఘం కార్డుందా?”

వరసలో ఆమె వెనకే నిలబడ్డ నాకు ఒళ్లు మండింది. నా దగ్గరా కార్డు లేదు కాబట్టి ఊరుకున్నాను.

సరిగ్గా అయిదింటికి ఇంజనీరు వచ్చి పరీక్షించాడు. యంత్రం పుట్టాక ఇంత చురుగ్గా ఎన్నడూ లేదట. పొద్దుటినుంచి ఒక్క దరఖాస్తూ లోపలికి వెళ్లలేదు మరి. శశాంకన్ గారు పులకించి, ఈ పద్ధతిని శాశ్వతం చేసి, హమాలీలకు గుమ్మంలో బెంచీ వేయించారు.

లోడు తగ్గించడంలో సహకరించినందుకు ఓమన చేచ్చికి అభినందన పత్రం కూడా ఇచ్చారు. కంప్యూటరును ఇబ్బంది పెట్టకుండా, చేత్తో రాసి, ముద్ర వేసి, రెండు నిమిషాల్లో.