పన్నెండు గోడల జాజుగీత

"సగిలేటి ఒడ్డున పన్నెండే ఇళ్ళు. వరదనీళ్ళు ఎందాకా వచ్చినాయో గోడ మీద గీసి, ఎత్తు కొలిచి, నష్టం అంచనా రాయడమే పని. తహసీల్దారుగారికి నచ్చితే ఉద్యోగం ఖాయం. అప్పుడు మనకు వేరు కాపురం," అన్నాడు కాశీవిశ్వనాథం.

గిద్దలూరులో మేనమామ ఇంట్లో పదకొండుమంది మధ్య కొత్త దంపతులు మాట్లాడుకోవడానికి ఆ వీధిగడప ఒక్కటే దిక్కు. ఉమామహేశ్వరి అతని తలపాగా బాగానే ఉన్నా విప్పి మళ్ళీ చుట్టింది. తొందరేమీ పడలేదు.

చెన్నపట్నంలో బి.ఏ. చదివినవాడు కనుక పద్ధతి ముందే ఆలోచించుకున్నాడు: పొద్దున గీతలన్నీ, భోజనం తర్వాత కొలతలన్నీ. ఊరు చేరగానే మిట్టమీది సుబ్బులమ్మ గోడకు మోకాలెత్తున, పల్లంలో ఉన్న ఆమె తోడికోడలు రోశమ్మ గోడకు నడుమెత్తున ఎర్రజాజు మట్టితో గీశాడు.

ఆ ఊళ్ళో గోడలకు జాజుపట్టీలు తీసేది ఆడవాళ్ళు. పెద్దకోడలి పట్టీ చిన్నకోడలి పట్టీ కంటె జానెడైనా ఎత్తుండాలి. ఈ శాస్త్రం బి.ఏ.లో చెప్పరు.

"చిన్నదానికి నడుమెత్తు, నాకు మోకాలెత్తా? ఇదేంది నాయనా?" అంది సుబ్బులమ్మ.

"అది నీళ్ళ గీత పెద్దమ్మా, మర్యాద గీత కాదు."

"చూసేవాళ్ళకు నువ్వు నిలబడి చెప్తావా?"

కాశీవిశ్వనాథం నవ్వేసి మునసబు కొండయ్య ఇంటికి భోజనానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి సుబ్బులమ్మ గీత భుజమెత్తుకు ఎక్కింది. సర్కారు ఇచ్చిన ఎత్తు ఎవరు తగ్గిస్తారో చూస్తానని రోశమ్మ తన గీతను చూరు దాకా తీసుకుపోయింది. మిగతా కోడళ్ళకు మాత్రం పరువు లేదా? పన్నెండు గీతలూ చూరును తాకుతున్నాయి.

అప్పుడే తహసీల్దారు సుందరరామయ్య గుర్రం దిగాడు. గోడలు చూసి తెల్లబోయాడు.

"చూరు దాకా వచ్చినాయా? అయితే ఇక్కడ మనుషులుండకూడదు. ఊరిని గుట్టమీదికి మార్చమని రాస్తాను."

కాశీవిశ్వనాథం నోరు తెరిచేలోగా సుబ్బులమ్మ సున్నం ముంతతో వచ్చింది. "నీళ్ళెక్కడివి దొరా? మా గడప కూడా తడవలే. ఇవి మేం తీసుకున్న పట్టీలు."

"మా అక్క చెప్పేది నిజం," అంది రోశమ్మ. వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద ఉండటం ఊరు చూడటం అదే మొదలు.

చూస్తుండగానే గోడలన్నీ తెల్లబడ్డాయి. వాటితోపాటు తన వేరు కాపురం కూడా సున్నంలో కలుస్తున్నట్టనిపించింది కాశీవిశ్వనాథానికి.

"అయ్యా, రోశమ్మ ఇంట్లో నడుమెత్తు నీళ్ళు నిజంగానే వచ్చినాయి."

"కొలిచినావా?"

"ఇంకా లేదండి."

తహసీల్దారు 'నష్టం లేదు' అని రాసుకున్నాడు. రాసిన కొద్దీ ఆయన ముఖం వికసించింది. పైవాళ్ళు తిరిగి ప్రశ్న వేయడానికి వీల్లేని అంచనా తాలూకా మొత్తంలో అదొక్కటే. ఇంత శుభ్రంగా పని ముగించిన గుమాస్తాను వదులుకోకూడదని, కాశీవిశ్వనాథం ఉద్యోగం ఆ వారమే ఖాయం చేయించాడు.

సగిలేటికి మాత్రం ఆ నివేదిక ఎవరూ చదివి వినిపించలేదు.