ఆపకూడని కారు

ఆ రోజు పొద్దున ప్రూఫ్‌రీడర్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఎనిమిదిన్నరకు మామగారిని కారెక్కించాలి. తొమ్మిదికి కళ్ళ డాక్టరుకు చూపించాలి. పదకొండుకు బ్యాంకులో దింపాలి. పన్నెండున్నరకు ఇంటికి తెచ్చి అన్నం పెట్టించాలి. ఇదంతా ఒక చీటీ మీద రాసుకుని, అలవాటు కొద్దీ రెండు కామాలు దిద్ది, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కారును మాత్రం అడగలేదు.

అతను ఇరవై రెండేళ్ళుగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాడు. ఇతరుల తప్పులు పట్టడమే జీవనాధారం. మూడు వారాల కిందట ఒక సెకండ్‌హ్యాండ్ చిన్న కారు కొనేముందు కూడా అంతే శ్రద్ధగా, అదే కారున్న ముగ్గురిని విచారించాడు. జుట్టు కత్తిరించే అతను, "కళ్ళు మూసుకుని తీసుకోండి సార్. ఆరేళ్ళలో అద్దం తుడవడం తప్ప నేనేం చెయ్యలేదు" అన్నాడు. పళ్ళ డాక్టరు, "ఆ కారు పేరు నా దగ్గర ఎత్తకండి" అన్నాడు. ఆ సమయంలో ప్రూఫ్‌రీడర్ నోట్లో డాక్టరు చెయ్యి ఉండటం వల్ల కారణం అడగడం కుదరలేదు. ప్రెస్సులో మిషన్ నడిపే పెద్దాయన కాసేపు ఆలోచించి, "మంచిదే. కాకపోతే దాని మూడ్ చూసి అడగాలి" అన్నాడు. ముగ్గురిలో ఇద్దరు మంచిదన్నారు కాబట్టి కొనేశాడు.

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో అతను ఎవరినీ అడక్కుండా తీసుకున్న మొదటి నిర్ణయం అది. "ఎవరినీ" అంటే ముఖ్యంగా మామగారిని. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ముద్ర లేని రాయినీ, కాగితం మీద లేని మాటనూ జీవితంలో నమ్మి ఎరగరు. కారు సంగతి ఫోనులో విని ఒకే మాట అన్నారు: "ఒకడు వదిలించుకున్నదాన్ని నువ్వు తగిలించుకున్నావన్నమాట." ఆ మాట ప్రూఫ్‌రీడర్‌కు మూడు వారాలుగా అన్నం ముద్ద దగ్గరల్లా అడ్డం పడుతోంది.

ముందురోజే ఊరి నుంచి వచ్చిన మామగారు ఎనిమిదింటికి స్నానానికి వెళ్ళారు. ప్రూఫ్‌రీడర్ ఎందుకైనా మంచిదని బయటికొచ్చి తాళం తిప్పాడు. కారు "టక్" అంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ "టక్" అంది. మూడోసారి అదీ అనలేదు.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే అతను నిద్రమత్తులోనే రోగం చెప్పేశాడు. "సెల్ఫ్ మోటార్ పట్టేసుంటది సార్. తోసి స్టార్ట్ చెయ్యండి, నడుస్తది. నేను పన్నెండుకి షెడ్డు తెరుస్తా. అప్పటిదాకా ఏం జరిగినా ఇంజన్ మాత్రం ఆపొద్దు."

"ఏం జరిగినా అంటే?"

"ఏం జరిగినా అనే సార్."

అతని భార్య మందుల షాపులో పనిచేస్తుంది. అప్పుడే డ్యూటీకి బయలుదేరబోతున్నది కాస్తా, సంగతి విని హ్యాండ్‌బ్యాగు గోడ మీద పెట్టి, కొంగు బిగించింది. "త్వరగా కూర్చోండి. ఇది ఆగిందని తెలిసిందంటే నాన్న మనల్ని రేపట్నుంచి గొడుగు కూడా సొంతంగా కొననివ్వరు" అని వెనక నుంచి తోసింది. వీధి చివర కారు రెండుసార్లు దగ్గి, వణికి, అందుకుంది. ఆమె చేతులు దులుపుకుని, "ఆపకండి" అని చెప్పి పనికి వెళ్ళిపోయింది.

మామగారు తయారవడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ కారు గేటు ముందు గుడగుడలాడుతూనే ఉంది. ఎదురింటావిడ వచ్చి ఆరేసిన దుప్పట్లకు పొగ పడుతోందంది. క్షమించమన్నాడు కానీ ఆపలేదు. ఆవిడ దుప్పట్లు తీసుకుని, అతని వంక ఒకసారి చూసి, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

"ఎవరూ కూర్చోకుండానే నడుస్తోందేం అల్లుడూ?" అన్నారు మామగారు మెట్లు దిగుతూ.

"మీ కోసం వేడి చేసి ఉంచాను మామయ్యా."

"నేనేమైనా నీళ్ళు పెట్టమన్నానా?"

ప్రూఫ్‌రీడర్ తలుపు తీసి పట్టుకున్నాడు. కారు కదలకుండా నడుస్తున్నంతసేపూ పొగ కొంత లోపలికి వచ్చేది. మామగారు మఫ్లరు తీసి ముక్కుకూ నోటికీ కలిపి గట్టిగా చుట్టుకున్నారు. అందులోంచే, "మా శాఖలో అయితే త్రాసు ఇలా ఊగితే అక్కడికక్కడే సీజ్ చేసేవాళ్ళం" అన్నారు.

కళ్ళ డాక్టరు దగ్గర, "లోపలికి రావా?" అని అడిగారు. "ఇక్కడ బండి పెట్టనివ్వరు మామయ్యా, మీరు వచ్చేదాకా అలా తిరుగుతుంటాను" అన్నాడు. నిజంగానే తిరిగాడు. గంటన్నరలో ఆ వీధిని యాభై మూడుసార్లు చుట్టాడు. మూలనున్న దర్జీ ఏడో చుట్టుకు తలెత్తి చూశాడు. పన్నెండో చుట్టుకు చిరునవ్వు నవ్వాడు. ముప్ఫయ్యో చుట్టుకు కుట్టడం ఆపి బయటికొచ్చి, "ఏ అడ్రసు కావాలి బాబూ?" అని అడిగాడు. ప్రూఫ్‌రీడర్ కృతజ్ఞతలు చెప్పాడు కానీ ఆగలేదు.

లోపల మామగారి కంట్లో చుక్కలు వేసి, పైన నల్ల కళ్ళజోడు పెట్టి బయటికి పంపారు. సాయంత్రం దాకా దగ్గరివేవీ కనబడవని, దూరానివి అలికినట్టుంటాయని చెప్పారట. పొగకు మఫ్లరు అలాగే ఉంది. నల్ల కళ్ళజోడు, ముక్కు దాకా మఫ్లరు, చంకలో పాత తోలు సంచి. ఆ వేషాన్ని ప్రూఫ్‌రీడర్ చూశాడు గానీ, ఆ క్షణంలో అతని చెవులు ఇంజన్ మీద ఉండటం వల్ల దాన్ని గురించి ఆలోచించలేదు.

బ్యాంకులో మామగారికున్న పని చిన్నదే. ఏడాదికోసారి వెళ్ళి, తాను ప్రాణాలతో ఉన్నట్టు ఒక ఫారం మీద సంతకం చేసి రావాలి. అలా చేయకపోతే పెన్షన్ ఆగిపోతుంది. ఈసారి ఫారం నింపడానికి చూపు లేదు. నోటితో అడగడం ఆయన పద్ధతి కాదు. కారు బ్యాంకు గుమ్మం ముందు ఆగగానే, "రాసుకో" అన్నారు.

"అయ్యా, నేను రిటైరైన ఉద్యోగిని. ప్రాణాలతో ఉన్నట్టు తెలియజేసే విషయమై వచ్చాను. కంట్లో చుక్కలు వేసినందువల్ల ఫారం మీరే నింపి, ఆలస్యం చేయకుండా నన్ను పంపించగలరు. బయట మా అల్లుడు కారుతో సిద్ధంగా ఉన్నాడు."

ప్రూఫ్‌రీడర్ జేబులో ఉన్నది అరచేయంత చీటీ. అందులో సగం పొద్దుటి పథకమే ఆక్రమించింది. మిగిలిన సగంలో ఇదంతా పట్టదు. ఒక కాలు యాక్సిలరేటర్ మీద ఉంచి, ఇంజన్ గొంతు తగ్గినప్పుడల్లా కాస్త తొక్కుతూ, అతను అనవసరమైన మాటలన్నీ కొట్టేశాడు. ఇరవై రెండేళ్ళ అనుభవం. చీటీ చింపి ఇచ్చేసరికి దాని మీద ఇలా ఉంది:

"ప్రాణాల విషయం. ఆలస్యం చేయవద్దు. బయట కారు సిద్ధంగా ఉంది."

అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదు.

"రాశావా?"

"రాశాను మామయ్యా. కాస్త క్లుప్తంగా."

"క్లుప్తంగా ఉంటేనే మంచిది. పని తొందరగా అవుతుంది" అని మామగారు తడుముకుంటూ లోపలికి వెళ్ళారు.

లోపల జరిగింది తరవాత ఆయన చెప్పిన దాన్ని బట్టి ఇది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి చీటీ ఇచ్చి, మామగారు ఫారం తీయడానికి సంచిలో చెయ్యి పెట్టారు. సంచి జిప్పు ఇరుక్కుంది. చెయ్యి లోపలే ఉండిపోయింది. ఇంతలో ఆ అమ్మాయి చాలా మర్యాదగా లేచి నిలబడింది. పక్క కౌంటర్ల వాళ్ళూ లేచారు. వరుసలో ఉన్నవాళ్ళు సైతం రెండు చేతులూ పైకెత్తి ఆయనకు దారి ఇచ్చారు. అలికినట్టున్న చూపుకు ఆయనకు అది సామూహిక నమస్కారంలా తోచింది. బ్యాంకుల్లో ఇంత మర్యాద పెరిగిందని ఆయనకు తెలియదు. సంచిలో లేని చేతిని కొంచెం ఎత్తి, "కూర్చోండి, అందరూ కూర్చోండి" అన్నారు. అందరూ నేల మీద కూర్చున్నారు.

బయట బ్యాంకు గార్డు అప్పటికి ఐదు నిమిషాలుగా కారును గమనిస్తున్నాడు. దగ్గరికొచ్చి అద్దం మీద కొట్టాడు.

"సార్, ఇంజన్ ఆపండి."

"ఆపలేనండి."

"ఎందుకు?"

"ఆపితే మళ్ళీ కష్టమవుతుంది. మా మామయ్య రాగానే వెంటనే వెళ్ళిపోవాలి."

"ఆయనెక్కడున్నారు?"

"లోపల. ఎక్కువసేపు పట్టదన్నారు."

గార్డు ఒకసారి గాజు తలుపులోంచి లోపలికి చూశాడు. నేల మీద కూర్చున్న జనం కనిపించారు. మేనేజరు బల్ల కింద కనిపించాడు. మధ్యలో నల్ల కళ్ళజోడాయన నిలబడి ఉన్నాడు. గార్డు వెనక్కి తిరిగాడు. కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేసుకున్నాడు.

ఇంజన్ ఆగిపోయింది. మూడు గంటల తరవాత వచ్చిన ఆ నిశ్శబ్దంలో ప్రూఫ్‌రీడర్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "అయిపోయింది. అంతా అయిపోయింది" అన్నాడు. గార్డు దాన్ని లొంగిపోవడం కింద లెక్క వేసుకున్నాడు.

ఎస్సై పది నిమిషాల్లో వచ్చాడు. గార్డు ప్రూఫ్‌రీడర్‌ను కూడా లోపలికి తెచ్చాడు. మామగారి చేతిని సంచిలోంచి బయటికి తీయడానికే ఇద్దరు కానిస్టేబుళ్ళు కావలసి వచ్చారు. చేతిలోంచి ఫారం, దానికి గుచ్చిన రెండు ఫోటోలు వచ్చాయి. మేనేజరు బల్ల కింద నుంచి లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఫోటో చూసి, "వీరు మన పెన్షనరే" అన్నాడు. మామగారికి అప్పటికీ ఏం జరిగిందో తెలియలేదు. "ఉన్నాననే కదా చెబుతున్నాను! దానికి పోలీసులు దేనికి?" అంటున్నారు.

ఎస్సై చీటీని రెండుసార్లు చదివాడు. "ఇది రాసిందెవరు?"

"నేనేనండి" అన్నాడు ప్రూఫ్‌రీడర్. "కొంచెం ఎక్కువ కుదించాను."

"అది సరే. గార్డు ఆపమన్నప్పుడు ఇంజన్ ఆపడానికేం?"

అందరూ అతని వంక చూశారు. నల్ల కళ్ళజోడు కూడా ఇటే తిరిగింది. దోపిడీ నేరం ఒప్పుకోవడం తేలికేమో అని అతనికి ఒక్క క్షణం అనిపించింది. తల వంచుకుని, "సెల్ఫ్ పోయిందండి. పొద్దున మా ఆవిడ తోస్తే స్టార్టయింది. ఆపితే మళ్ళీ రాదు. మామయ్యకు తెలియకూడదని..." అన్నాడు.

మామగారు మఫ్లరు కిందికి లాగారు. కానీ ఆయన నోరు తెరిచేలోగా ఎస్సై గాజు తలుపులోంచి బయటికి చూసి, "ఆ వెండిరంగు చిన్న బండేనా? పదకొండేళ్ళదా?" అన్నాడు. గొంతు మారిపోయింది. "నాదీ అదే."

"మా బావదీ అదే సార్" అన్నాడు గార్డు. "తొమ్మిదేళ్ళు. ఒక్కసారి ఆగితే ఒట్టు."

"ఏం చెబుతావయ్యా" అంది కౌంటర్లో అమ్మాయి, ఇంకా నేల మీదే కూర్చుని. "మా అక్కావాళ్ళు దాన్ని రెండేళ్ళలో పదిసార్లు లాక్కొచ్చారు. ఆఖరికి బావ దాంతో మాట్లాడటం మానేశాడు."

"నడిపేవాళ్ళని బట్టి ఉంటుందమ్మా" అన్నాడు వరుసలోని ఒకాయన. "నేను వాడాను. ఇంజన్ రాయి. తలుపులే ఊడతాయి." మేనేజరు తన తమ్ముడి కారు క్లచ్ గురించి మొదలుపెట్టాడు. పావుగంట పాటు ఆ బ్యాంకులో ఎవరూ దోపిడీ ఊసెత్తలేదు. చివరికి ఎస్సై చెయ్యెత్తి అందరినీ ఆపి, "రండి చూపిస్తాను" అని బయటికి నడిచాడు. గార్డు చేత తాళంచెవి ఇప్పించి, ప్రూఫ్‌రీడర్‌ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, బానెట్ ఎత్తి, కానిస్టేబుల్ చేతిలోంచి లాఠీ తీసుకున్నాడు.

"నేను కొట్టగానే తాళం తిప్పండి."

లోపలెక్కడో రెండు తగిలించాడు. కారు నిజం ఒప్పుకున్నట్టుగా వెంటనే స్టార్టయింది. జనం చప్పట్లు కొట్టారు. ప్రూఫ్‌రీడర్‌కు కళ్ళు చెమర్చాయి. ఇక మామగారి తీర్పు ఒక్కటే మిగిలింది.

మామగారు బానెట్ దాకా వచ్చి, మొహం దాదాపు ఇంజన్‌లో పెట్టి, చాలాసేపు విన్నారు. "అయితే ఈ బండి పోలీసు శాఖలో కూడా వాడుతున్నారన్నమాట" అన్నారు.

"శాఖలో కాదండీ, నా సొంతం" అన్నాడు ఎస్సై. "దీనికంటే ఒక ఏడాది కొత్తది. అమ్మేద్దామనే చూస్తున్నాను. కాగితాలన్నీ ముద్రలతో సహా సరిగ్గా ఉన్నాయి."

ప్రూఫ్‌రీడర్ స్టీరింగ్ వదిలి కంగారుగా దిగబోయాడు. "మామయ్యా, మీకిప్పుడు సరిగ్గా కనబడదు..."

"ముద్రలు కనబడక్కర్లేదు అల్లుడూ, వేలికి తగులుతాయి" అన్నారు మామగారు.

అలా ఆ సాయంత్రం మామగారు తన ఊరికి తన కారులో వెళ్ళారు. ఎస్సై మనిషొకడు నడిపి దింపి వచ్చాడు. దారిలో ఎక్కడా ఆపలేదట. వెళ్ళేముందు మామగారు అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "మంచి బండి ఎంచుకున్నావు" అన్నారు. పద్నాలుగేళ్ళలో ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రాత్రి ప్రూఫ్‌రీడర్ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

నాలుగో రోజు పొద్దున్నే మామగారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఎప్పుడూ కూతురికే చేసే మనిషి, నేరుగా అల్లుడికే చేశారు. కుశలమడిగారు, ప్రెస్సు ఎలా ఉందన్నారు, ఎండల గురించి కాసేపు మాట్లాడారు. ఆ తరవాత గొంతు తగ్గించి, లాఠీలు మామూలు మనుషులకు ఎక్కడ అమ్ముతారో కనుక్కోమన్నారు.