దండ పడిన జట్టు

చైర్మన్ గారు ఫోటోకు దండ వేయడంతో ఆ ఏడాది కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పదకొండు మందీ చనిపోయారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. పోటీలకు బయల్దేరే జట్టును సత్కరించాలని సభ పెట్టారు, బంతిపూల దండలు తెప్పించారు. ఆటగాళ్ళేమో రైల్వే గేటు అవతల ఇరుక్కుపోయారు. గూడ్సు బండి కదిలితేగా! చైర్మన్ గారు ఇంకో ఊళ్ళో పెళ్ళికి పోవాలి. "పిల్లోళ్ళు లేకుంటే వాళ్ళ ఫోటో అయినా తెండప్పా" అన్నారు. గ్రూపు ఫోటో తెచ్చి బల్ల మీద నిలబెట్టారు. ఆయన దానికి దండ వేసి, పక్కనున్న దీపం వెలిగించి, అలవాటు కొద్దీ తల వంచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. పెద్దాయన నిలబడితే కూర్చునే మొనగాడెవడు? సభంతా లేచింది. ఒకరిద్దరు ముక్కు కూడా చీదారు.

గేటు తీశాక పరుగున వచ్చిన కెప్టెన్ ఓబులేసుకు వాకిట్లోనే కబురు చెప్పారు.

"నేనీడే ఉండాను కద సార్" అన్నాడు వాడు.

"ఉండావు లేరా, ఎవరు కాదన్నారు? కానీ దండ పడిందే" అన్నారు ఆటలు నేర్పే హుసేనయ్య సార్. వాడి భుజం తట్టబోయి, పోయినవాళ్ళతో అంత చనువు బాగుండదని చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

యూనివర్సిటీ వాళ్ళు విషయాన్ని సావధానంగా పరిశీలించారు. పోయిన జట్టు ఆడకూడదని ఏ నిబంధనా లేదు. అయితే పోయినవాళ్ళ పేరిట కొత్తగా ఏదీ జమ చేయరాదు కనుక వాళ్ళు కొట్టిన గోల్స్ లెక్కకు రావు. వాళ్ళ మీద పడ్డవి మాత్రం పడ్డట్టే. న్యాయంగానే ఉందని అందరూ తలలూపారు.

ఓబులేసు ఆశల్లా ఒక్కటే. మూడేళ్ళు బెంచీ మీద కూర్చుని, చివరి ఏడాదిలో కెప్టెన్ అయినవాడు. చదువు ముగిసేలోగా లెక్కకు వచ్చే గోలు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తన పేరిట ఉండాలి. అందుకని ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి దండ తీయించమని అడిగాడు.

"చైర్మన్ గారు స్వయంగా వేసింది నాయనా. మనం తీస్తే ఆయన మనసు నొచ్చుకోదూ? మళ్ళీ ఏడాది వస్తారు కదా, వీలు చూసి అడుగుదాం" అన్నారాయన, ఎంతో ప్రేమగా. నిన్నటిదాకా ఓబులేసును దున్నపోతు అని తప్ప పిలిచి ఎరుగరు. ఇప్పుడు కాలేజీలో అందరూ వాడిని బంగారం అంటున్నారు.

ఓటములు మొదలయ్యాయి. ఆటకు ముందు అవతలి జట్టు వరసగా నిలబడి మౌనం పాటించేది. ఆ తరువాత ఓబులేసు ముగ్గురిని తప్పించుకుని, వల చిరిగేలా కొట్టేవాడు. చప్పట్లు ఉండవు. అవతలి గోల్‌కీపర్ బంతిని వలలోంచి తీసి, "ఏం గోలప్పా, పాపం" అని నిట్టూర్చి ఆట కొనసాగించేవాడు. రిఫరీ ఎటో చూసేవాడు. ఓడిపోయి వస్తుంటే బస్సులో లేచి మరీ సీట్లు ఇచ్చేవాళ్ళు, ఆ తరువాత ఆ చుట్టుపక్కల ఎవరూ కూర్చునేవారు కాదు.

ఓబులేసు మాత్రం ఆశ చంపుకోలేదు. బంతిపూలు ఎన్నాళ్ళుంటాయి? అవి రాలిపోయిన నాడు తాము బతికినట్టే కదా! రోజూ వరండాలో ఫోటో ముందు నిలబడి చూసేవాడు. పూలు ఎండాయి, నల్లబడ్డాయి, ఒక్కొక్కటే రాలాయి. చివరికి దారం, దానికి నాలుగు రేకులు మిగిలాయి. సరిగ్గా ఆ రోజే ప్రిన్సిపాల్ కంట పడింది. "చైర్మన్ గారి దండకు ఇదా మర్యాద?" అని అటెండరును తిట్టి, గంధపు చెక్క పొరలతో అల్లిన దండ తెప్పించి వేయించారు. అది వాడదు, రాలదు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

అప్పటినుంచి ఎంత పరుగెత్తినా జట్టులో ఎవరికీ చెమట పట్టడం మానేసింది. వాళ్ళ కాళ్ళ కింద దుమ్ము లేవడం లేదు. గోల్‌కీపర్ బంతికి ఎగరడం మానేశాడు. "ఈడ హాయిగుందిరా ఓబులేసూ, ఎవురూ తిట్టరు" అన్నాడు. ఆ మాటకు ఓబులేసుకు మొదటిసారి భయం వేసింది.

చివరి ఆటలో వాడు కొట్టిన గోలుకు కొయ్యలు కదిలాయి. రిఫరీ గడియారం చూసుకున్నాడు. జట్టు ఓడింది.

ఇంటికి వచ్చేసరికి మిద్దె మీద చుట్టాలంతా ఉన్నారు. అమ్మ నాగరత్నమ్మ వాడి పేరిట మాసికం పెడుతోంది. ఆకులో పప్పు, వడలు, వాడికిష్టమైన ఓళిగలు. కాకి పిట్టగోడ మీద కూర్చుని చూస్తోంది గానీ ముట్టదు. కాకి ముట్టందే కింద విస్తళ్ళు వేయరు.

"ఏదో కోరిక మిగిలుండాది వానికి" అన్నాడు పెదనాయన.

"నీ చెల్లెలిని బాగా చదివిస్తాంరా" అంది అమ్మ కాకితో. కాకి కదల్లేదు.

"వచ్చే ఏడాది మన జట్టే గెలుస్తుంది" అన్నారు హుసేనయ్య సార్. కాకి మొహం తిప్పుకుంది.

ఎండ ముదిరింది. పిల్లలు ఆకలికి ఏడుపు లంకించుకున్నారు. ఒక్కొక్కరే ఓబులేసు వైపు చూడసాగారు. అమ్మ కూడా చూసింది. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు ఆమె. "అందరూ కాసుకోనుండారు నాయనా" అంది మెల్లగా.

ఓబులేసుకు తను కొట్టిన గోల్స్ అన్నీ, ఊగిన వలలన్నీ కళ్ళముందు తిరిగాయి. కాకి దగ్గరగా పోయి నిలబడ్డాడు.

"దండ తియ్యమని ఇంకెప్పుడూ అడగను" అన్నాడు.

కాకి రివ్వున వచ్చి ఆకు మీద వాలింది.

"చూస్తిరా, ఎంత అర్థం చేసుకునే పిల్లోడో!" అన్నాడు పెదనాయన. అమ్మ కళ్ళు తుడుచుకుని దండం పెట్టింది. అందరూ గబగబా కిందికి దిగారు. విస్తళ్ళు పరుస్తున్న చప్పుడు, పిల్లల నవ్వులు మిద్దె మీదికి వినిపించాయి.

తనకూ ఆకలిగా ఉందేమోనని ఓబులేసు కాసేపు చూసుకున్నాడు. లేదు. గాలికి ఆకు అంచు లేచి కాకికి అడ్డం పడుతుంటే, వంగి దాన్ని వేలితో నొక్కి పట్టుకున్నాడు.