పటంలో లేని పిజ్జా

ఉదయం వేసుకున్న పథకంలో ఏ లోపమూ లేదు. పన్నెండింటికి అత్తగారితో బయల్దేరాలి, బజారువీధుల్లో మంచి పిజ్జా తినిపించాలి, రెండింటికల్లా ఆఫీసుకు చేరి పెద్దసారు చేతిలో వార్డు పటం పెట్టాలి.

అల్లుడిది సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం. అత్తగారు ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. పెళ్లయిన ఐదేళ్లలో ఆమె నోట అతని గురించి ఒక్క మంచి మాట రాలేదు. ఇవాళైనా రాబట్టాలని అతని ఆరాటం.

"పిజ్జా ఎప్పుడూ తినలేదు బాబూ. తింటే మంచిదే తినాలి," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ.

"మీకెందుకు అత్తయ్యగారూ! బజారంతా నా అరచేతిలో ఉంది," అన్నాడు చుట్టిన పటం ఊపుతూ.

ఉన్నది అరచేతిలో కాదు, పాత పటంలో. దానిమీద పల్చటి కాగితం పరిచి, కుర్చీలోంచి లేవకుండా దించేశాడు. ఆ సంగతి అతనికీ ఆ కుర్చీకీ తప్ప మూడోకంటికి తెలియదు.

మూడో సందులో పిజ్జా కొట్టు ఉండాల్సిన చోట గొడుగులు బాగుచేసే ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"పిజ్జానా? అది మూసేసి ఏడేళ్లయింది. అప్పట్నుంచీ గొడుగులే," అన్నాడాయన.

అత్తగారు పటం అందుకుని, సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి అడ్డంగా గీత కొట్టి, పక్కన 'గొడుగులు' అని రాసింది.

"అయ్యో, అది ఆఫీసు పటమండీ! రెండింటికి ఇవ్వాలి!"

"తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు బాబూ. పదండి."

పటంలో దారి ఉన్నచోట గోడ ఎదురైంది. గోడ ఉన్నచోట దర్జీ కొట్టు నవ్వింది. ఒంటిగంటన్నరకు పటమంతా ఎర్రబడింది, అల్లుడి మొహం తెల్లబోయింది. అంతలో అత్తగారు టక్కున ఆగి గాలి పీల్చింది.

"బాబూ! ఆ వాసన! అదుగో, ఆ పెట్టె!"

జేబులో కత్తెర పెట్టుకున్న మంగలి ఒకతను వేడివేడి పిజ్జా పెట్టెతో పోతున్నాడు. ఇద్దరూ వెంటపడ్డారు. అతను వెనక్కి చూశాడు. ఎర్ర పెన్ను ఎత్తిపట్టిన ఆవిడా, చేతికర్రలా చుట్టిన కాగితంతో మగమనిషీ కనిపించారు. నడక పెంచాడు. వీళ్లూ పెంచారు. అతను పరుగు లంకించుకున్నాడు.

"ఆగండి! ఒక్క మాట!" అని అరుస్తూ అల్లుడు కూడా పరుగందుకున్నాడు. అత్తగారిని దాటేసి మరీ పరిగెత్తాడు.

"ఏమైంది? ఎవరు దొంగ?" అన్నాడు పళ్లకొట్టతను.

"ముందు పరిగెత్తేవాడే!" అన్నాడు తాళాలు చేసేవాడు, ఏమీ తెలియకపోయినా.

బజారు సగం కదిలింది. మంగలి చటుక్కున తన షాపులోకి దూరిపోయాడు. దాంతో అందరికంటే ముందు పరిగెత్తేవాడు అల్లుడయ్యాడు. నాలుగు చేతులు అతని కాలరు పట్టుకున్నాయి.

"వరసలో నిలబడండి!"

అత్తగారి గొంతుకు ముప్ఫై ఏళ్ల తరగతులు గడగడలాడాయి. బజారు ఎంత? అందరూ గోడవారగా వరస కట్టేశారు. అల్లుడు కూడా కట్టాడు.

"అతను దొంగ కాదు, మా అల్లుడు. దారి తెలియదు, అంతే. మాకు కావలసింది పిజ్జా," అంది ఆయాసపడుతూ.

మంగలి తలుపు సందులోంచి తల బయటపెట్టాడు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా! ప్రాణం పోయిందనుకోండి. సర్వే ఆఫీసు లేదూ, దాని వెనక మెట్ల కిందే కొట్టు."

అల్లుడు పటం విప్పి చూసుకున్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది పని. పటంలో అక్కడ అతను గీసింది ఒట్టి గోడ.

ఇటుకల పొయ్యిలోంచి వచ్చిన పిజ్జా అంచులు ఉబ్బి, అక్కడక్కడ మాడి, నడుమ చీజ్ ఇంకా కుతకుతలాడుతోంది. బల్ల దుమ్ముగా ఉందని అత్తగారు పటం పరిచేసింది. వద్దనే ఓపిక అల్లుడికి లేదు. మొదటి ముక్క ఆమె కళ్లు మూసుకుని తింది. రెండోది కళ్లు తెరిచి, అల్లుడి వాటాలోంచి తింది.

రెండు కొట్టింది. అల్లుడు మెట్లెక్కి, ఉద్యోగానికి మనసులోనే నీళ్లొదులుకుని, పటం పెద్దసారు ముందు పెట్టాడు. చేతులు కడుక్కోవడానికని అత్తగారూ వెంట వచ్చింది.

పెద్దసారు కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు. "ఈ ఎర్ర గీతలు ఎవరివి?"

"నావేనండి," అంది అత్తగారు. "ఇంకా రెండు సందులు మిగిలాయి. ఆకలేసి ఆపాను."

"నేను రోజూ నడిచే బజారు మొట్టమొదటిసారి కాగితం మీద కనిపించిందమ్మా! మరి ఈ నూనె మరక?"

"మీ మెట్ల కింది పిజ్జా కొట్టు. వెంటనే వెళ్లండి, పొయ్యి ఇంకా వేడిగా ఉంది."

పెద్దసారు వెళ్లాడు. అరగంటకు మూతి తుడుచుకుంటూ వచ్చి, మిగతా పదకొండు వార్డులూ దిద్దిపెట్టమని ఆమెను బతిమాలుకున్నాడు.

సోమవారం అత్తగారికి ఆఫీసులో బల్ల వేశారు, అల్లుడి బల్లకు సరిగ్గా ఎదురుగా.