రెండడుగుల కిటికీ

ఆదివారం ఉదయం ఏడు గంటలకి ఆ ఇంట్లో ముగ్గురూ వంటగది గుమ్మం దగ్గర నిలబడి, పని ఎక్కడ మొదలుపెట్టాలా అని తర్జనభర్జన పడుతున్నారు. తాపీమేస్త్రీ సోమవారం పొద్దున్నే వస్తానన్నాడు, వచ్చేసరికి గది ఖాళీగా ఉండాలన్నాడు. అది ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత గది. గట్టు ఒక పక్కకి కుంగింది. సింకు కారుతోంది. అలమర తలుపు తీస్తే ఊడి చేతికొస్తోంది.

"ముందు గట్టు ఎత్తు పెంచాలి. వంగి వంగి నా నడుం పోయింది" అన్నారు అత్తగారు.

"మీరు వంటగదిలోకి వచ్చి నాలుగేళ్లయింది కదత్తయ్యా?" అంది ఇల్లాలు.

"అందుకేనమ్మా రావడం మానేసింది."

"నన్నడిగితే ముందు కిటికీ."

ఆ మాట వినగానే తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇల్లాలు ఏ సంగతి మొదలుపెట్టినా చివరికి కిటికీ దగ్గరే తేలుతుందని వాళ్లకి తెలుసు.

ఇల్లాలిది కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం. రోజుకి పాతికమందిని కుర్చీలో కూర్చోబెట్టి, "అప్పుడప్పుడూ దూరంగా చూస్తుండండి, కళ్లకి అదే విశ్రాంతి" అని చెప్పి పంపుతుంది. ఇంటికొచ్చి మాత్రం పొయ్యి ముందు నిలబడి, మూరెడు దూరంలో ఉన్న గోడని చూస్తుంది. పదహారేళ్లుగా చూస్తోంది. ఆ గోడ అవతల పక్కింటివాళ్ల పెరడు, పెరడు అవతల పెద్ద మైదానం. రోజూ పొద్దున ఎవరో ఒకరు అక్కడ స్కూటర్ నేర్చుకుంటూ ఉంటారు. "బ్రేకు! బ్రేకు!" అని ఒక గొంతు, ధబ్బుమని ఒక చప్పుడు, ఆ వెనకే నవ్వులు. పడిందెవరో, నవ్విందెవరో ఆవిడకి ఒక్కసారీ తెలియలేదు. లోకమంతా అవతల పడుతూ లేస్తూ నవ్వుతుంటే తను ఒక్కతే గోడకేసి చూస్తూ కూర కలుపుతున్నానని తలుచుకుంటే ఆవిడకి ప్రాణం ఉసూరుమనేది. నగలడగలేదు, తీర్థయాత్రలడగలేదు. రెండడుగుల కిటికీ అడిగింది.

దానికి అడ్డం ఒక్కరే, పక్కింటి పెద్దావిడ. ఆవిడ పెరటి వైపు గోడకి కిటికీ పెట్టాలంటే ఆవిడ సంతకం కావాలి. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎన్నింటికి వెళ్లారో ఆవిడ కళ్లబడకుండా ఏదీ జరగదు కాబట్టి వీధి మొత్తం ఆవిడని కమిషనర్ అంటుంది. మూడేళ్ల క్రితం ఇల్లాలు కాగితం రాసుకుని వెళితే, "నా పెరట్లోకి ఒకళ్లు తొంగిచూడ్డానికి వీల్లేదు" అని కాగితం లోపల పెట్టుకుని మొహం మీదే తలుపేసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"కిటికీ సంగతి తర్వాత. ముందు ఖాళీ చేయాలి. ఖాళీ చేయడానికి ఒక పద్ధతుంది" అన్నారు ఇంటాయన చొక్కా చేతులు మడుస్తూ.

ఆయన ఇళ్లు మార్చిపెట్టే కంపెనీలో సూపర్‌వైజరు. ఇరవై రెండేళ్లలో కొన్ని వందల ఇళ్లు చీపురుపుల్ల మిగలకుండా ఖాళీ చేయించారు. అయితే ఇంట్లో ఒక్క గది మాత్రమే ఖాళీ చేసి మిగతా ఇల్లు అలాగే ఉంచడం ఎలాగో తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకి గానీ, ఆయన కంపెనీకి గానీ ఎప్పుడూ పడలేదు.

ఆయన గుమ్మంలోనే నిలబడి లెక్కేశారు. ఫ్రిజ్ బయటికి రావాలంటే భోజనాల బల్ల జరగాలి. బల్ల జరగాలంటే సోఫా కదలాలి. సోఫా పడగ్గదిలోకి వెళ్లాలంటే మంచం విప్పాలి. మంచం విప్పాలంటే దాన్ని ఆనుకుని ఉన్న బీరువా తీయాలి.

"తేలిపోయింది. బీరువాతో మొదలుపెట్టాలి" అన్నారు.

"వంటగది బాగుచేయడానికి బీరువాతో మొదలుపెట్టడమేమిటండీ?"

"ఇది నాకొదిలెయ్. మా డ్రైవర్నీ ఇద్దరు మనుషుల్నీ రమ్మన్నాను. ఒంటిగంటకి నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి చూద్దువుగాని."

"మరి కిటికీ?"

"అదీ చూద్దాం."

ఆ "చూద్దాం" పదహారేళ్లుగా వింటున్నదే కాబట్టి ఆవిడ ఇంకేమీ అనకుండా బాక్సు కట్టుకుని బయల్దేరింది.

మధ్యాహ్నం ఆవిడ వీధి మొదట్లోకి వచ్చేసరికి పాలాయన సైకిలాపి మరీ పలకరించాడు.

"ఇదేం బాలేదమ్మగారూ. పదేళ్ల ఖాతా. చెప్పాపెట్టకుండా పోతారా?"

ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నాడో పాపం అనుకుని ఆవిడ నవ్వేసి ముందుకెళ్లింది. నాలుగడుగులు వేసిందో లేదో, మూడో ఇంటాయన భుజం మీద నిచ్చెనతో ఎదురొచ్చాడు. "రెండేళ్లుగా ఇచ్చేద్దామనే అనుకుంటున్నానండీ. వెళ్లిపోయేవాళ్ల వస్తువు ఉంచుకోకూడదు" అని నిచ్చెన ఆవిడ చేతికి ఆనించి, కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయాడు.

నిచ్చెన మోసుకుంటూ ఇంటికి చేరితే, తలుపుకి తాళం. గేటు బయట ప్లాస్టిక్ కుర్చీలో అత్తగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. కుర్చీ వీపుకి "పగిలే వస్తువు, జాగ్రత్త" అని ఎర్ర చీటీ అంటించి ఉంది.

"ఏమైందత్తయ్యా? ఆయనేరీ?"

"నన్ను కూడా బండెక్కించారమ్మా. తర్వాత జాబితాలో లేనని దింపేశారు."

ముక్కముక్కలుగా తెలిసిన సంగతి ఇది. బీరువా బయటికొచ్చింది, మంచం వచ్చింది, సోఫా వచ్చింది. పదిన్నరకి చినుకులు మొదలయ్యాయి. సామాను తడుస్తుందని ఇంటాయన, "అంతా బండిలో పెట్టేయండి, నేను టార్పాలిన్ పట్టా తెస్తాను" అని బజారుకెళ్లారు. డ్రైవరు పద్ధతి గల మనిషి. చివరి అట్టపెట్టె బండిలోకి ఎక్కగానే అతని చేతులు వాటంతటవే కంపెనీ పని చేసుకుపోయాయి. ఇల్లు ఊడ్పించాడు, కుళాయిలు కట్టేశాడు, తలుపుకి తాళం వేశాడు, తాళంచెవి పక్కింటివాళ్లకి ఇచ్చి సంతకం తీసుకున్నాడు, బండి తీశాడు. పక్కింటివాళ్లంటే కమిషనర్. ఆవిడ చెవిన పడిన మాట వీధి చివరిదాకా చేరడానికి పావుగంట పట్టింది.

అంతలో, ఆదివారం పూట తెరిచిన కొట్టు కోసం రెండు గంటలు బజారంతా తిరిగిన ఇంటాయన పట్టా భుజాన వేసుకుని వచ్చారు. కప్పడానికి ఎదురుగా ఏమీ లేదు. గబగబా డ్రైవరుకి ఫోన్ కలిపారు.

"ఎక్కడున్నావయ్యా?"

"గోడౌన్లో దింపేశాం సార్. లారీ సిద్ధంగా ఉంటే ఎక్కించేశాం కూడా."

"ఏ లారీ? ఎక్కడికి?"

"చేర్చాల్సిన అడ్రసు రాయలేదు కద సార్. అడ్రసు లేని సామాను పెద్ద గోడౌనుకి పంపాలని రూలు పెట్టింది మీరే కదా. లారీ వెళ్లిపోయి అరగంటయింది. తొమ్మిది రోజుల్లో వెనక్కొచ్చేస్తుంది, మీరేం కంగారు పడకండి."

ఇంటాయన ఫోన్ జేబులో పెట్టుకుని, పట్టా పరుచుకుని గుమ్మంలో కూలబడ్డారు. తన రూలుని తిట్టుకోవడానికి ఆయనకి నోరు రాలేదు.

అప్పుడు పక్కింటి గేటు కిర్రుమంది. కమిషనర్ బయటికొచ్చింది. ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో మడత కాగితం. మూడేళ్ల తర్వాత మొదటి మాట ఎలా ఉంటుందోనని ఎదురింటి వరండాలో అందరూ చెవులు రిక్కించారు.

"ఇదిగో తాళం. వెళ్లేవాళ్లు వెళ్లొస్తామని ఒక్క మాట చెప్తే నోరు అరిగిపోదు."

"అది కాదు పిన్నిగారూ..."

"ఇదీ తీసుకో. సంతకం పెట్టాను. నీకెలాగూ అక్కర్లేదు, వచ్చేవాళ్లయినా పెట్టుకుంటారు కిటికీ" అని కాగితం చేతిలో కుక్కి, బదులు వినకుండా వెనుదిరిగి వెళ్లిపోయింది.

ఇల్లాలు కాగితం విప్పింది. మూడేళ్ల క్రితం తను రాసినదే. కింద, కలం గట్టిగా నొక్కి పెట్టిన సంతకం. పదహారేళ్ల కోరిక అరచేతిలో పడి ఉంటే ఆవిడ ఆ సంతకాన్ని వేలితో తడిమి చూసుకుంది. ఇంటాయన మాత్రం ఒక్క ఉదుటున లేచారు.

"నోరు విప్పకు" అన్నారు గొంతు తగ్గించి. "మేస్త్రీ రేపు ఏడింటికి వస్తాడు. ఎనిమిదికల్లా గోడ పగులుతుంది. పగిలాక ఎవరూ ఏమీ చేయలేరు."

"వెళ్తున్నామనుకుని ఇచ్చిందండీ. మోసం కదూ?"

"మోసమెలా అవుతుంది? సామాను వెళ్లిన మాట నిజమే కదా. మనం వెళ్లలేదని ఒక్క రోజు ఎవరికీ చెప్పకపోతే చాలు."

ఆవిడ తాళం తీసిందో లేదో, ఇళ్లు చూపించే బ్రోకరు ఒకడు ఎక్కడినుంచి ఊడిపడ్డాడో, వెంట ఒక కొత్త జంటతో లోపలికి వచ్చేశాడు. "మీరేగా పాతవాళ్లు? తప్పుకోండి, కొలతలు తీసుకుంటాం" అన్నాడు. కొత్త పెళ్లికూతురు గదులన్నీ చూసి వంటగది గుమ్మంలో ఆగిపోయింది.

"కిటికీ లేదా? అయ్యో, ఇందులో ఇన్నేళ్లు ఎలా వండారండీ?"

ఇల్లాలు ఆ పిల్ల వంక తిరిగి చూసింది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. జంట వెళ్లిపోయింది, బ్రోకరు సణుక్కుంటూ వాళ్ల వెనకే పోయాడు. ఆవిడ ఒక్కతే వంటగదిలో నిలబడిపోయింది. పొయ్యి లేదు, గిన్నెల స్టాండు లేదు. ఎదురుగా గోడ మీద తన మొహం ఎత్తున నూనె జిడ్డు పట్టిన మరక ఒకటే ఉంది.

ఖాళీ గదిలో చిన్న చప్పుడు కూడా పెద్దదవుతుంది. ఇన్నాళ్లూ ఫ్రిజ్ గొణుగుడులో, గిన్నెల రొదలో వినబడనివి ఇప్పుడు వినబడుతున్నాయి. అవతలి పెరట్లో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి గోడ దగ్గర ఆగారు.

"వెళ్లిపోయావుటే?" అంది గొంతు.

కమిషనర్ గొంతే. కానీ అందులో అధికారం లేదు.

"రోజూ పొద్దున్నే ఆ మూత కింద పడేసేదానివి. మెల్లిగా పెట్టుకో అమ్మాయ్ అని రోజూ చెప్తూనే ఉన్నాను. వింటేగా? ఇప్పుడొచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో. మూతలు పడేసేవాళ్లో కాదో. నా మోకాలి సంగతి వాళ్లకి మళ్లీ మొదట్నించీ చెప్పుకురావాలి."

ఇల్లాలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తను ఒంటరిగా చూస్తున్నాననుకున్న గోడని ఇన్నేళ్లూ అవతల నుంచి ఇంకొక మనిషి చూస్తోంది. మాట్లాడుతోంది కూడా. ఇల్లాలు తన చేతిలోని కాగితం వంక చూసుకుంది. నోరు మూసుకుంటే రేపు పొద్దునకల్లా కిటికీ. నోరు విప్పితే ఈ జన్మకి ఈ గోడే. కాగితం మడిచి సంచిలో పెట్టింది. తర్వాత సంచిలోంచి బాక్సు తీసి, దాని మూతని నేల మీద పడేసింది.

ఠంగుమంది.

"ఎవరదీ?"

"నేనే పిన్నిగారూ. మేమెక్కడికీ వెళ్లడంలేదు. వంటగది బాగుచేయించుకుందామని ఒక గది ఖాళీ చేయబోతే, ఇల్లంతా లారీ ఎక్కి వెళ్లిపోయింది."

"అయితే ఇప్పుడు నేనన్నదంతా విన్నావా?"

"విన్నాను. ఏ మోకాలండీ?"

"కుడిది. ఎడమది పోయినేడే తగ్గిందని చెప్పాగా!" అని కసిరి, కాస్త ఆగి మళ్లీ అంది. "మీ బాబాయిగారు పోయినప్పట్నించీ నీ గిన్నెల చప్పుడుకి బదులు చెప్పడం అలవాటైపోయింది. కిటికీ పెడితే నీకు తెలిసిపోదూ? పిచ్చిదనుకోవూ? గోడతో అయితే మొహమాటం లేదు కదా అని వద్దన్నాను."

ఇల్లాలు వంగి మూత తీసి బాక్సుకి పెట్టింది.

"ఏం మాట్లాడవు? ఆ కాగితం తీసుకుని ఇలా రా."

గుమ్మంలో ఇంటాయన రెండు చేతులతో తల పట్టుకుని, "చెప్పేశావా? నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేశావు కదే!" అన్నారు. ఆయన్ని దాటుకుని ఆవిడ పక్కింటి పెరట్లోకి వెళ్లింది. కమిషనర్ కళ్లజోడు పెట్టుకుని, కాగితం లాక్కుని, కలంతో ఒక గీత గీసింది. సంతకం కొట్టేసిందనుకుని ఇల్లాలు కళ్లు మూసుకుంది.

"కళ్లు మూసుకుంటే ఎలా కనబడుతుంది? చదువు."

సంతకం అలాగే ఉంది. "రెండడుగులు" అన్నచోట కొట్టేసి, పైన "నాలుగడుగులు" అని రాసి ఉంది.

"రెండడుగుల్లో ఇద్దరి మొహాలు ఎక్కడ పడతాయి? నేను మోచేతులు ఎక్కడ ఆనించుకోవాలి?" అంది కమిషనర్.

మర్నాడు మేస్త్రీ వచ్చి, ఇంత శుభ్రంగా ఖాళీ చేసిన ఇల్లు తన జన్మలో చూడలేదని మెచ్చుకున్నాడు. సామాను లారీలో ఊరేగి వచ్చేదాకా తొమ్మిది రోజులూ ఆ కుటుంబానికి భోజనం కమిషనర్ ఇంట్లోనే. కిటికీ కుదిరిన పొద్దున ఇల్లాలు రెక్కలు బార్లా తెరిచి, కళ్లారా దూరం చూద్దామని ముందుకి వంగింది. మైదానం కనబడలేదు. కిటికీ నిండా కమిషనర్ కనబడింది. మోచేతులు రెండూ చట్రం మీద ఆనించుకుని, మోకాలి సంగతి అందుకుంది. ఇల్లాలు ఒక్క క్షణం నిట్టూర్చింది, తర్వాత ఆవిడకి కూడా చెప్పవలసినవి ఎన్నో గుర్తొచ్చాయి. గట్టు, సింకు, అలమర సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కిటికీ పెట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో కూర మాడని రోజు లేదు.