నోరు విప్పని నల్ల తెర

ఆ ఉదయం బస్సుల డిపో గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది: కూర్చోవాలి. ఏళ్ల తరబడి గేటు దగ్గర నిలబడి వచ్చే బస్సునూ పోయే బస్సునూ చూసి అతని మోకాళ్లు అరిగిపోయాయి. కంప్యూటరు ఆపరేటరుకు బదిలీ అయింది. ముందురోజు సాయంత్రమే ఆ కుర్చీని ఆఫీసరమ్మ ఇతనికి అప్పగించింది. "రేపు డ్యూటీలు సరిగ్గా పంపారా, కుర్చీ మీది. లేదా, మళ్లీ గేటే," అని కూడా చెప్పింది.

చెయ్యాల్సిన పని ఒక్కటే. నల్ల తెర తెరిచి, "డ్యూటీ" అని కొట్టి ఎంటర్ నొక్కాలి. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలో వాళ్ల ఫోన్లకు వెళ్లిపోతుంది. బొమ్మలు లేవు, మౌసుతో పని లేదు, అంతా అక్షరాలే. అదే గుమాస్తా గుండెల్లో రాయి పడేసింది. ఇంట్లో చెప్పులు తొడుక్కుంటూనే అల్లుడికి ఫోన్ కొట్టాడు.

"కంగారెందుకు మావయ్యగారూ? టికెట్ల కౌంటరు అనుకోండి. ఆ నల్ల కిటికీ ఉందే, అది టెర్మినల్. కిటికీ వెనక కూర్చుని మీ మాట వినేవాడు షెల్. వాడు పిలిస్తే వచ్చి పని చేసిపెట్టేది ప్రోగ్రాం. దేనికదే వేరు."

"అదా! కౌంటర్ల ముందు క్యూల్లోనే కదా అల్లుడుగారూ నా సగం జీవితం పోయింది," అన్నాడు గుమాస్తా, కొండంత ధైర్యంతో.

ఆఫీసుకెళ్లి నల్ల తెర తెరిచి "డ్యూటీ" అని కొట్టాడు, ఎంటర్ నొక్కాడు. తెర మీద ఒక గీత మిణుకు మిణుకుమంది. అంతే. అందిందని లేదు, అందలేదని లేదు. ముద్ర పడని కాగితాన్ని జన్మలో నమ్మని మనిషి, ఆ గీత వంక కళ్లు కాయలు కాసేలా చూశాడు. కౌంటర్లో వాడు కునుకు తీస్తున్నాడని తేల్చుకున్నాడు. ఇలాంటప్పుడు తెలివైనవాడు ఏం చేస్తాడు? పక్క కౌంటరుకు పోతాడు.

ఇంకో నల్ల కిటికీ తెరిచి అదే మాట కొట్టాడు. అక్కడా అదే మౌనం. మరొకటి తెరిచాడు. ఆ పక్కన ఇంకొకటి. తెరంతా నల్ల కిటికీలతో నిండిపోయింది. ఒక్కడూ ఉలకడు, పలకడు. చివరి కిటికీలో ఎంటర్ నొక్కే ముందు కీబోర్డుకు దండం కూడా పెట్టాడు.

అప్పుడు మొదలైంది బయట గోల.

"ఏం బాబాయ్, నన్ను ముక్కలు కోసి బస్సుకో ముక్క పెడతావా?" పొడుగు డ్రైవరు ఫోన్ ఊపుకుంటూ లోపలికి దూసుకొచ్చాడు. "ఉన్న బస్సులన్నీ నేనే తోలాలంట!"

"నువ్వొక్కడివేనా? నాకూ అవే వచ్చాయి," అన్నాడు వెనకున్న బట్టతల డ్రైవరు. "నీ బస్సు దగ్గర స్టీరింగు కోసం నలుగురు కొట్టుకుంటున్నారు, పోయి చూడు!"

గుమాస్తా బల్ల చాటుకు వంగి ఫోన్ చేశాడు.

"అల్లుడుగారూ, ఇది ఒక్క ముక్క మాట్లాడదేం?"

"మాట్లాడకపోతే పని అయినట్టే మావయ్యగారూ. ఈ అక్షరాల ప్రోగ్రాములు చాలావరకు అంతే. తేడా వస్తేనే నోరు విప్పుతాయి. అవునూ... మీరు ఎన్నిసార్లు కొట్టారు?"

గుమాస్తా తెర మీది కిటికీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అడిగిన ప్రతిసారీ ఆ ప్రోగ్రాం వంతులు మార్చి కొత్త డ్యూటీలు వేస్తుందని డ్రైవర్ల గోలతో అతనికి అప్పటికే అర్థమైపోయింది.

"కిటికీలన్నీ మూసేస్తే?"

"కౌంటరు మూసినంత మాత్రాన ఇచ్చిన టికెట్లు వెనక్కొస్తాయా మావయ్యగారూ?" అల్లుడు మర్యాద తప్పకుండానే నిట్టూర్చాడు.

గుమాస్తా చావుకు తెగించి "రద్దు" అని కొట్టాడు. ఆశ్చర్యం! తెర మీద ఒక వాక్యం వచ్చింది. పలికింది మహాతల్లి! అని కళ్లజోడు సర్దుకుని చదివాడు. అలాంటి ఆజ్ఞ తనకు తెలియదని రాసుంది.

సరిగ్గా అప్పుడు ఆఫీసరమ్మ వచ్చింది. ఆవరణలో కిక్కిరిసిన డ్రైవర్లను ఇటు నుంచి అటు లెక్కపెట్టింది. గుమాస్తా లేచి నిలబడ్డాడు. గేటు కళ్ల ముందు కనపడుతోంది.

"ఎవరు చేశారిది?"

"నేనేనమ్మా. తప్పయిపోయింది."

"తప్పేంటి? రోజూ సగం మంది 'మాకు మెసేజ్ రాలేదు' అని ఇంట్లో పడుకుంటారు. ఇవాళ ఆ మాట అనే మొహం ఒక్కడికీ లేదు! డిపో మొత్తం దిగింది. ఎవరు ఏ బస్సో నేను చెప్తాను కానీ, రేపటి నుంచి మీరు ఇలాగే పంపండి. ఇక కంప్యూటరు మీదే."

గుమాస్తాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. మోకాళ్లు హమ్మయ్య అన్నాయి. ఆఫీసరమ్మ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఇంతమంది ఎంతసేపని నిలబడతారు, పాపం? లోపలున్న కుర్చీలన్నీ బయట వేయించండి."

పొడుగు డ్రైవరు మిగతావాటితో పాటు గుమాస్తా కుర్చీ కూడా పట్టుకుపోయాడు.

కంప్యూటరు మాత్రం బల్ల మీద హాయిగా కూర్చుంది.